సద్దుమణిగాక

కోర్టులో అందరూ ఆయన్ని నిదానం ప్లీడరుగారు అనేవారు. ఎదుటి వకీలు ఎంత గొంతు చించుకున్నా ఆయన చేతులు కట్టుకుని నిలబడేవాడు. గోల సద్దుమణిగి, జడ్జి తలెత్తి తనవైపు చూశాకే నోరు విప్పేవాడు. ఆ అలవాటే ఆ ఇంటికి అన్నం పెట్టింది.

వాదించబోయేదంతా ముందు వంటింట్లో భార్యకు వినిపించేవాడు. ఆవిడ పెద్దగా చదువుకున్నది కాదు. కూరలు తరుగుతూ వినేది, అర్థం కానిచోట చేతిలో కత్తి ఆపేది. ఆయన వెనక్కి వెళ్ళి అదే సంగతి ఇంకోలా చెప్పేవాడు. "నీ కత్తి ఆగలేదంటే కేసు గెలిచినట్టే" అని నవ్వేవాడు.

ఒక్క కేసు మాత్రం ఆయన్ని లోలోపల తినేసింది. చేయని దొంగతనం నెత్తిన పడ్డ ఒక దర్జీ, బెయిలుకు పూచీ ఉండే దిక్కులేక, విచారణ కోసం ఎదురుచూస్తూ జైల్లోనే జబ్బుచేసి పోయాడు. అసలు దొంగ తర్వాత దొరికాడు. ఆ కబురు చెప్పడానికి ఈయన వెళితే, దర్జీ పెళ్ళాం తలుపు పట్టుకుని నిలబడి, "ఇప్పుడు ఎవరికి చెప్తారు బాబూ?" అంది.

నల్లకోటు విప్పేసి ఇంటిపట్టున ఉన్న మనిషి, పార్టీవాళ్ళు వచ్చి అడగ్గానే పార్లమెంటుకు నిలబడడానికి ఒప్పుకున్నది అందుకే. పూచీ లేదన్న పాపానికి పేదవాణ్ణి లోపలే ఉంచెయ్యకుండా చట్టం రావాలి. ఆ దర్జీ సంగతి సభ మొత్తం వినాలి. గెలిచాడు, వెళ్ళాడు.

మాట్లాడే వంతు వచ్చిన రోజు ఆవిడ పని పక్కన పెట్టి టీవీ ముందు కూర్చుంది. ఆయన లేచి చేతులు కట్టుకున్నాడు. ఇంకేదో గొడవ మీద రెండు పక్కలవాళ్ళూ అరుచుకుంటున్నారు. సద్దుమణగాలని ఆయన చూస్తున్నాడు. అధ్యక్షుడు తలెత్తలేదు. గంట మోగింది, వంతు దాటిపోయింది.

"మీరూ అరవాల్సిందండీ" అంది ఫోనులో.

"అరుపుల్లో చెబితే వాడి చావూ అరుపుల్లోనే కలిసిపోతుందే" అన్నాడాయన.

తర్వాతి సమావేశాల్లోనూ అదే తంతు. పక్కసీటు సభ్యుడు, "ప్లీడరుగారూ, ఇక్కడ నిశ్శబ్దం కావాలంటే మనలో ఎవరో ఒకరు పోవాలండీ" అని వేళాకోళమాడాడట. అది చెప్పి ఆయన నవ్వాడు. ఆవిడకు నవ్వు రాలేదు.

సెలవులకు ఇంటికొచ్చి మళ్ళీ వంటింట్లో నిలబడి మొదటినుంచీ చెప్పాడు. దర్జీ పెళ్ళాం అన్న మాటతో ముగించాడు. కత్తి ఎక్కడా ఆగలేదు. "ఇంకేం, గెలిచాం" అన్నాడు. తిరుగు ప్రయాణానికి పెట్టె సర్దుకుంటూ, గుండె పట్టుకుని అక్కడే కూలిపోయాడు.

సభలో నివాళి అర్పిస్తామని కబురు పెట్టి, ఆవిణ్ణి పైన సందర్శకుల వరసలో కూర్చోబెట్టారు. అధ్యక్షుడు పేరు చదివాడు. అంతమందీ లేచి నిలబడ్డారు. సభ సద్దుమణిగింది.

ఆవిడ వేళ్ళు చీర చెంగును పట్టుకున్నాయి. లోపల ఆయన గొంతు మొదలైంది. అధ్యక్షా, ఒక దర్జీ ఉండేవాడు. వాడికి పూచీ ఉండేవాళ్ళు లేరు... నిదానంగా, ఒక్కో మాటా. త్వరగా చెప్పండి, వాళ్ళు వింటున్నారు, అని ఆవిడ మనసులోనే బతిమాలింది. ఆయనకు తొందరపడడం ఎప్పుడు తెలుసు కనుక.

దర్జీ జైల్లో మంచాన పడ్డచోటికి వచ్చేసరికి, కింద కుర్చీలు చప్పుడు చేశాయి. అందరూ కూర్చున్నారు. గోల మళ్ళీ మొదలైంది.