పిట్ట ముట్టని విస్తరి

కాకులు మనిషి ముఖాన్ని గుర్తు పెట్టుకుంటాయేమో అన్న మాట మొదట నా చెవిన వేసింది మా ముందరి అర్రలో కిరాయికి ఉన్న అమ్మాయి. పక్షుల మీద పరిశోధన చేసేది. వారంలో సగం రోజులు గంగారం అడవుల్లో, మిగిలిన రోజులు జఫర్‌గఢ్ పక్కనున్న మా ఊళ్లో, మెడలో దుర్భిణి వేసుకుని తిరిగేది. ఊరంతా ఆమెను పిట్టల పిల్ల అనేవారు. ఆ పిల్ల ఆ మాట చెప్పకపోతే మా ఇంట్లో ఒక మనిషి తాను చేయని తప్పును బతికినంత కాలం మోసేది.

పోయిన కార్తీకంలో మా అత్త కాలం చేసింది. రెండేళ్లు మంచం మీదే ఉంది. నా మోకాళ్లు నన్ను ఎక్కువసేపు వంగనివ్వవు. అన్నీ చేసింది నా తోడికోడలే. అత్తకు తల దువ్వేది, ఒళ్లు తుడిచేది, మెత్తగా పిసికిన బువ్వ ముద్ద ముద్దగా తినిపించేది.

మా వైపు మనిషి పోయిన మూడో రోజున, అయిదో రోజున పిట్టకు పెడతాం. పిట్ట అంటే ఇక్కడ కాకే. పోయినవారికి ఇష్టమైనవి వండి విస్తరిలో పెట్టి, ఎడంగా నిలబడి చూస్తాం. పిట్ట ముడితే పోయిన ప్రాణం తృప్తి పడినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో మిగిలిపోయినట్టు.

మూడో రోజు పెద్దకోడలిగా విస్తరి నేనే పట్టుకుపోయి ఇంటి వెనక చెలకలో పెట్టాను. చేపల పులుసు, సర్వపిండి, ఆమెకు ఇష్టమని ఎండబెట్టి దాచిన చింతచిగురుతో పప్పు. దండం పెట్టుకుని అక్కడే నిలబడ్డాను. కాకులు వచ్చాయి. ఒకటి, రెండు, పది. వేపకొమ్మల మీద కూర్చుని ఒకటే అరుపు. ఒక్కటీ కిందికి దిగలేదు. మా మరిది ఫోన్‌లో కాకి అరుపు వెతికి పెట్టాడు. పైనున్నవి ఇంకా గట్టిగా అరిచాయి.

"బంద్ చెయ్యి అన్నా, ఉన్నయి గూడ పోతయి," అంది మరిపెడ నుంచి వచ్చిన మా ఆడబిడ్డ. ఎండ నడినెత్తికి వచ్చేదాకా చూసి, చేపల పులుసు తీసేసి ఆ విస్తరిని ఆవుకు పెట్టాం.

లోపలికి వస్తూ ఆడబిడ్డ అందరికీ వినపడేట్టు అంది: "మా అవ్వ కడుపు నిండలే. రెండేండ్లు ఆమెను ఎవరు ఎట్ల చూసిన్రో పిట్టకు ఎరుకే."

తోడికోడలు అంట్ల గిన్నెలు తీసుకుని దొడ్లోకి పోయింది. పొద్దుగూకినాక నా పక్కన కూర్చుని మెల్లగా అడిగింది. "అక్కా, నిజంగనే నేనేమన్న తక్కువ చేసిన్నా?"

లేదు చెల్లే అన్నాను. కానీ పిట్ట మాటకు ఎదురు నా దగ్గర ఏముంది? నేను బడికి పోనిదాన్ని. మా నాయిన ఇంట్లో కూర్చోబెట్టి దిద్దించిన అక్షరాలే నా చదువు. పిట్ట ముట్టలేదంటే అర్థమేమిటో కూడా ఆ అక్షరాలతోపాటే నేర్చుకున్నాను.

మర్నాడు పిట్టల పిల్ల గంగారం నుంచి వచ్చింది. సంగతి విని పలకరింపు అయ్యాక, నోటుబుక్కు తెరిచి జర అడగొచ్చా అంది. ఎన్ని కాకులు, ఎక్కడ కూర్చున్నాయి, విస్తరి దగ్గర ఎవరున్నారు?

"నేనే ఉన్న."

"మీరు రోజూ గోడ మీద బువ్వ పెడతరు కదమ్మా. తింటున్నయా?"

"ఎండాకాలం సంది తింటలేవు. కాకులు తక్కువైనయి అనుకున్న. మా అత్తయితే, నీ మీద అలిగినయే అని నవ్వేది."

"ఎండాకాలంల ఏమైంది?"

అప్పుడు చెప్పాను, అంతదాకా ఎవరికీ చెప్పనిది. వేపచెట్టు మీద కాకి గూడు పెట్టింది. నేను వడియాలు ఎండబెట్టబోయినప్పుడల్లా నెత్తి మీద తన్నేది. ఒకనాడు కోపమొచ్చి దోటితో ఆ గూడు లాగేశాను. గుడ్లున్నాయో లేవో కూడా చూడలేదు. ఊడ్చి ఎత్తిపోశాను. ఆ చేత్తోనే మర్నాడు దేవుడికి పూలు పెట్టాను.

ఆ పిల్ల నన్ను తప్పు పట్టలేదు. "వేరే దేశాల కొన్ని కాకులు తమను పట్టుకున్నోళ్ల మొఖం మర్వయని చూసిన్రమ్మా. మన ఊరి కాకులు గూడ గంతేనా? ఎన్నేండ్లు యాదిల పెట్టుకుంటయి? చూడని కాకులకు చెప్తయా? మేం అడిగేటియి గివే. జవాబు నా దగ్గర లేదు."

అయిదో రోజు చుట్టాలందరి ముందు విస్తరి తోడికోడలి చేతిలో పెట్టాను. "పిట్టకు కోపం ఈమె మీద కాదు, నా మీద. దాని గూడు పీకింది నేను," అన్నాను.

"కాకికి గంత గ్యానమా వదినా? చెల్లెను కాయనీకి కత చెప్తున్నవ్," అంది ఆడబిడ్డ.

కాకుల కంట పడకుండా నేను లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. దేవుడి ముందు కూర్చున్నాను కానీ ఒక్క నామమూ నోటికి రాలేదు. చెవులు చెలకలోనే ఉన్నాయి. కాసేపటికి బయట అరుపులు ఆగాయి. తర్వాత ఆడబిడ్డ గొంతు వినిపించింది: "ముట్టింది. చేప ముక్క ఎత్తుకపోయింది."

తలుపు తీసేసరికి తోడికోడలు చెలక గట్టు మీద కూలబడి ఏడుస్తోంది. ఆడబిడ్డ ఆమె పక్కన కూర్చుని ఉంది. తన కొంగుతో ఆమె ముఖం తుడిచింది.

పిట్టల పిల్ల మాత్రం ఒప్పుకోలేదు. "ఒక్కసారికి రుజువు కాదమ్మా. ఆకలై దిగొచ్చు. మళ్ల మళ్ల చూడాలె."

"మళ్ల మళ్ల చూడనీకి మా అత్త ఒక్కసారే పాయె కద బిడ్డా," అన్నాను. ఆ పిల్ల నవ్వబోయి తల వంచుకుంది.

పోయినవారి కబురు పిట్ట తెస్తుందని నేను ఇప్పటికీ నమ్ముతాను. కానీ దానికి తన సొంత యాది, సొంత గూడు ఉన్నాయని ఇన్నేళ్లూ ఒక్కసారైనా అనుకోలేదు. అది అడగడం నేర్పిన ఆ పిల్లకూ, ఆమెను మా అర్రకు పంపిన దేవుడికీ దండం. ఇప్పుడు గోడ మీద బువ్వ తోడికోడలు పెడుతుంది. నేను కిటికీ వెనక ఉంటాను. ఒక ముసలి కాకి తినే ముందు నా వైపు చూస్తుంది. చూడనీ.

మీ ఇంట్లో పిట్టకు పెట్టే రోజు వస్తే, పిట్ట ముట్టినా ముట్టకపోయినా, రెండేళ్లు మా అత్త తల దువ్విన నా తోడికోడలిని ఒక్కసారి తలచుకోండి.