ఒకే చిరుగు, రెండు బట్టలు

నా చిన్నప్పుడు చిక్కడపల్లిలో, గ్రంథాలయం వెనక సందులో, ఒకే వాకిలికి రెండిళ్లు ఉండేవి. ఒకదానిలో మేం, రెండోదానిలో పక్కింటి అక్క వాళ్లు. ఎండాకాలం సాయంత్రాలు వాకిట్లో నీళ్లు చల్లి చాప పరిచాక, ఆ చల్లదనానికి ఎవరూ ఇళ్లలోకి పోయేవారు కాదు. మా నాయనమ్మ అక్కడే కూర్చుని పాత చీరలతో బొంతలు కుట్టేది. ఆ సాయంత్రాలు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

ఆ వాకిట్లో ఇద్దరికి ఒకే జబ్బు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నాడు డాక్టరు. నరాల మీది పొర దెబ్బతిని కాళ్లు మాట వినవని మాకు అర్థమైంది. అక్కకు అది ఇంటర్ చదివే రోజుల్లోనే వచ్చింది. తిరగబెట్టినప్పుడల్లా మంచం పట్టించేది, కొన్ని వారాలకు చాలావరకు తగ్గేది. ఏళ్లు గడిచినా ఆమె నారాయణగూడ దాకా నడిచి వెళ్లి టైపు నేర్పి వచ్చేది. మా పెదనాన్నకు యాభై దగ్గర పడ్డాక మొదలైంది. ఆయనకు పెరగడమే గానీ తగ్గడం లేదు. చూస్తుండగానే గోడ పట్టుకుని నడిచే స్థితికి వచ్చాడు.

నాయనమ్మకు ఇది మింగుడు పడలేదు. "ఆడపిల్ల, అదే బీమారి, గంత దూరం పోయొస్తున్నది. నీకేమైందిరా? కూసుంటే కాళ్లు ఇంకా పట్టుకపోతయ్" అంటూ రోజూ కొడుకును లేపి అశోక్ నగర్ దాకా నడిపించేది. కొడుకు మంచాన పడతాడేమోనన్న భయమే ఆమె చేత అలా అనిపించేది. పెదనాన్న ఎదురు చెప్పేవాడు కాదు. ఒకరోజు సందు మలుపులో పడిపోతే నలుగురు మోసుకొచ్చారు. మోకాలు చెక్కుకుపోయింది. నొప్పి కంటే సిగ్గే ఆయన్ను ఎక్కువ బాధపెట్టిందని నాక్కూడా తెలిసిపోయింది.

మర్నాడు అక్క వచ్చి నాయనమ్మ పక్కన చాప మీద కూర్చుంది. రవిక కుట్టగా మిగిలిన కొత్త గుడ్డనూ, పెదనాన్న పాత ధోతి ముక్కనూ తీసుకుని, రెండింటినీ ఒకేలా చింపి, చిరుగు కనబడకుండా దారంతో రఫూ చేసిపెట్టమంది. కొత్తదానికి దారం చక్కగా పట్టింది. ధోతి మాత్రం సూది గుచ్చిన చోటల్లా విచ్చుకుపోయింది.

"పాతదాన్ని గుంజితే ఇంకింత చినుగుతది, తెల్వదానే పిల్లా" అంది నాయనమ్మ విసుగ్గా.

"మరి పెదనాన్నను గుంజుతున్నవ్ గదా నాయనమ్మా" అంది అక్క నెమ్మదిగా. "నాకు చిన్నప్పుడొచ్చింది, ఒళ్లు మల్ల మల్ల అతుక్కున్నది. ఆయనకు లేటుగ వచ్చింది, అతుకు నిలుస్తలేదు. అది ఆయన బద్ధకం కాదు."

"నన్ను పాత ధోతిని చేసింది ఈ పిల్ల" అన్నాడు పెదనాన్న లోపలి నుంచి. ఆయన నవ్వు విని చాలా రోజులైంది.

నాయనమ్మ అక్క తల నిమిరి, "నీకు చిన్నప్పుడే వచ్చుడు నయమైంది బిడ్డా" అంది. అక్క తల అడ్డంగా ఊపింది. "నయమేం లేదు. ఆయన వయసొచ్చేసరికి నాకెన్ని చిరుగులైతయో ఎవరికి తెలుసు?" ఆ తర్వాత నాయనమ్మ రోజూ రిక్షా మాట్లాడి కొడుకును అశోక్ నగర్ తిప్పుకొచ్చేది. ఓపిక ఉన్ననాడు ఆయనే దిగి నాలుగడుగులు వేసేవాడు.

పెళ్లయ్యాక అక్క బాగ్ లింగంపల్లికి మారింది. పెదనాన్నకు జబ్బు మొదలైన వయసు ఇంకా రాకముందే ఆమె చక్రాల కుర్చీలోకి వచ్చింది. నేను చూడబోయిన రోజు చుట్టాలావిడ ఒకరు, "మా ఆడబిడ్డకు గిదే బీమారి, ఉద్యోగం చేస్తున్నది" అని చెబుతోంది. అక్క ముఖంలో నాకు, సందులో పడిపోయిన నాటి పెదనాన్న సిగ్గు కనిపించింది. పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, "ఇయ్యాల నీకెట్లున్నదక్కా?" అని అడిగాను. ఆ ఒక్క మాటకే ఆమె కళ్లు నిండాయి.

ఇప్పుడు నాకూ వయసు మీద పడింది. జబ్బుతో ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు ఇంకొకరి పేరు ఎత్తను. వాళ్లకు ఎలా ఉందో అడిగి, చెప్పినంతసేపూ వింటాను.