మరియమ్మ గారు లెక్క తప్పిన టేక్

2023 మే నెల. జాజ్‌నూ పోస్ట్-రాక్‌నూ కలిపి ప్రయోగాలు చేసే ఒక బృందం ఆల్బమ్‌కు నేను సౌండ్ ఇంజనీర్‌ని. పోస్ట్-రాక్ అంటే గిటార్లూ డ్రమ్సూ ఉన్నా, పాట చుట్టూ కాక నెమ్మదిగా పెరిగే నాదం చుట్టూ అల్లుకునే సంగీతం. స్టూడియోలో ఆల్బమంతా దాదాపు పూర్తయింది. చివరి ట్రాక్‌కు మాత్రం రేకుల కప్పు కింద పుట్టే ప్రతిధ్వని కావాలనుకుని, నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్లే దారిలోని ఒక మామిడికాయల షెడ్డులో సగం అడిగి తీసుకున్నాం.

మిగతా సగంలో కాయల పని ఆగలేదు. అక్కడ మరియమ్మ గారు ఒకటికి బదులు ‘లాభం’ అని మొదలుపెట్టి, రాగం తీస్తూ కాయలు లెక్కించి గంపల్లో వేసేవారు. ఆమె లెక్కను రైతు గానీ కొనేవారు గానీ మళ్లీ సరిచూడరు. ఏటా ఆమెకు పని దొరికేది ఆ నమ్మకం మీదే.

రెండో రోజు రిహార్సల్‌లో రూమ్ మైక్‌ను, అంటే గది మొత్తాన్ని వినే మైకును, తెరిచే ఉంచాను. శాక్సఫోన్ ఒక్కసారిగా అరిచింది. మరియమ్మ గారు “పదకొండు” అని రెండుసార్లు అన్నారు. వెంటనే గంప బోర్లించి మళ్లీ మొదలుపెట్టారు. కాయల లెక్క సరిపోయింది. నా రికార్డింగ్‌లో తప్పు మిగిలిపోయింది.

శాక్సఫోన్ వాయించే సుధీరే బృందానికి నాయకుడు. ఆ టేక్ వినగానే కుర్చీలోంచి లేచాడు. “ఆ రెండో పదకొండు మీదే డ్రమ్స్ పడ్డాయి, చూశావా? చివరి ట్రాక్ ఇదే!”

“ఆమెను అడగొద్దా?” అన్నాను.

“పేరేం వెయ్యంగా! గొంతు ఎవరిదో ఎవరికి తెలుస్తుంది?”

“ఈ చుట్టుపక్కల ఆ గొంతు తెలియని తోట ఉందా?”

“కాలేజీ అయిపోయి మూడేళ్లయింది. ఇంకా డిబేట్ పోటీలోనే ఉన్నావా తల్లీ?”

వాదించడం నాకు అలవాటే. కానీ అడగకుండా మైకు తెరిచి ఉంచింది నేనే కనుక, ఈ వాదంలో ప్రతివాదినీ నేనే. హెడ్‌ఫోన్స్ తీసుకెళ్లి మరియమ్మ గారికి ఆ టేక్ వినిపించాను.

“అడక్కుండా రికార్డు చేశాను. తప్పు నాదండీ.”

“బానే ఉంది గానీ అమ్మాయ్, నేను గంప బోర్లించింది ఇందులో ఏదీ? ఇది విన్నోళ్లు రేపు నా గంప మళ్లీ లెక్కెట్టరా?”

“ఇది కళ అండీ,” అన్నాడు సుధీర్.

“కళైతే నువ్వు తప్పు వాయించు బాబూ! మధ్యలో నేనెందుకు?”

షెడ్డంతా నవ్వింది. ఆ ఇద్దరి ముందే టేక్‌ను చెరిపేశాను. సుధీర్ శాక్సఫోన్‌ను పెట్టెలో పెట్టేసి వెళ్లిపోయాడు.

మర్నాడు మరియమ్మ గారే మా వైపు వచ్చారు. “నలభై దాకా సరిగ్గా చెప్తాను. అది పట్టుకో. వాళ్లని తాళం తప్పకుండా వాయించమను.” ఆమె ఒక్కసారీ తప్పలేదు. బృందం ఎనిమిదిసార్లు తప్పింది. “మళ్లీ మొదటినుంచా బాబూ?” అని ఆమె అడిగిన ప్రతిసారీ సుధీర్ తల దించుకుని సరేననేవాడు. తొమ్మిదో టేక్ ఆల్బమ్‌లోకి వెళ్లింది, ఆమె ఒప్పుకున్నాక ఆమె పేరుతో సహా.

మైకు ప్రతి ధ్వనినీ సమానంగా పట్టుకుంటుంది. దాని వెనక ఎవరి బతుకు ఆనుకుని ఉందో మైకుకు తెలియదు. తెలుసుకోవలసింది ఇంజనీరే. అప్పటినుంచి రికార్డ్ నొక్కే ముందు వాద్యకారులనే కాదు, వినబడే దూరంలో ఉన్న ప్రతి మనిషినీ అడుగుతున్నాను. కొందరు వద్దంటారు. మైకు ఆపేస్తాను. పని ఆలస్యమవుతుంది. అయితే అవనీ.