గుండుసూది గుచ్చిన పేజీలు

నా చిన్నప్పుడు మా తాతయ్య విజయవాడ సత్యనారాయణపురంలో ఒక సామ్రాజ్యాన్ని ఏలేవాడు. తెలియనివాళ్లు దాన్ని అద్దె నవలల షాపు అనేవారు. లోపల ఒకరు తుమ్మితే ఇంకొకరు రోడ్డు మీద పడేంత విశాలమైన సామ్రాజ్యం. నేల నుంచి అటక దాకా ప్రేమ నవలలే. మధ్యాహ్నం గిన్నెలు బోర్లించిన క్షణం నుంచి సాయంత్రం పాలవాడు కేకేసేదాకా ఆ వీధి ఆడవాళ్లంతా మా తాతయ్య పాలనలోనే ఉండేవారు. ఒక్కో నవల ఎన్ని చేతులు మారేదంటే, అట్ట మీద హీరోయిన్ ముఖమంతా అరిగిపోయి చివరికి జడ ఒక్కటే మిగిలేది. బడి వదలగానే నేను అక్కడ స్టూలెక్కి కూర్చుని, బెల్లం జీడి చప్పరిస్తూ రాజ్యవ్యవహారాలు గమనించేదాన్ని.

ఆ రాజ్యం మీదికి ఒకరోజు వీధి చివరింటి హెడ్మాస్టారు దండెత్తి వచ్చాడు. రిటైరై చాలా కాలమైనా ఆయన గొంతు సవరించుకుంటే ఆటోనగర్‌లో లారీ స్టార్టు చేసినట్టుండేది. వీధిలో ఆయన మాటకు తిరుగులేదు. కోడలి దిండు కింద మా షాపు నవల దొరికిందట. అందులో వాన కురిసిందట, హీరో హీరోయిన్లు ఒకే గొడుగు కిందికి చేరారట, కాసేపటికి ఆ గొడుగు ఎటో ఎగిరిపోయిందట. ఆ తర్వాతి పేజీన్నర చదవడం తన వల్ల కాలేదని చెబుతూ, ఆ పేజీన్నరలో ఏముందో పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

"మీరంటే నాకు గౌరవం ఉంది కాబట్టి చెబుతున్నానండీ," అన్నాడు చివరికి. "ఇలాంటి పేజీలన్నీ ఆదివారంలోగా చించెయ్యండి. లేదంటే ఈ వీధి ఆడపిల్ల ఒక్కతి కూడా మీ షాపు గడప తొక్కదు."

ఆయన వెళ్లాక, అప్పటిదాకా అలమర వెనక ఊపిరి బిగబట్టి నిలబడ్డ పక్కింటి అక్క బయటికి వచ్చింది. ఆ అక్కకు మైలవరం సంబంధం కుదిరింది. పెళ్లిచూపుల్లో వాళ్లిద్దరూ మాట్లాడుకున్న మొత్తం ప్రేమ సంభాషణ, కాఫీలో పంచదార సరిపోయిందా అన్నదొక్కటే. మిగతా ప్రేమంతా ఆమె మా షాపులోనే నేర్చుకోవాలి.

"తాతగారూ, ఆ పేజీలు చించేస్తే నవలలో వాన ఒక్కటే మిగులుతుంది కదండీ," అంది. "వాన చూడ్డానికి షాపుకి రావడం ఎందుకు, మా డాబా మీద చూసుకుంటాం."

చించితే పాఠకులు పోతారు, చించకపోతే వీధే పోతుంది. షాపు మూతపడితే తాతయ్య బతుకు ఏమవుతుందో నాకు తెలుసు. నాయనమ్మ ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టి, ఆయుష్షు ఉన్నంతకాలం కందిపప్పులో రాళ్లు ఏరిస్తుంది. ఆ సాయంత్రం తాతయ్య మిరపకాయ బజ్జీలు కూడా ముట్టుకోలేదు. మా వంశ చరిత్రలో అంతటి విషాదం మళ్లీ జరగలేదు. బజ్జీలు నేనే తిన్నాను.

మర్నాడు ఆయన గుండుసూదుల డబ్బా ఒకటి కొనుక్కొచ్చి, నవలలన్నీ చుట్టూ పేర్చుకుని, పేజీకీ పేజీకీ కలిపి సూదులు గుచ్చుతూ కూర్చున్నాడు. ఆదివారం మాస్టారు రాగానే, చించితే రాసినవాళ్ల ఉసురు తగులుతుందని, అందుకే మూసేశానని, పెద్దవాళ్లు తప్ప ఎవరూ విప్పకూడదని వినయంగా విన్నవించాడు. మాస్టారు ముందుగా గొడుగు పేజీ చూశాడు. సూది ఉంది. తృప్తిపడి, తనిఖీ కోసమని వేరే నవల ఒకటి చంకన పెట్టుకెళ్లాడు. మర్నాడు పొద్దున్నే తెచ్చిచ్చి, సూది గుచ్చిన చోట పైకి అమాయకంగానే ఉన్నా లోపలి అర్థం మహా ఘోరంగా ఉందని, తనిఖీ పూర్తవ్వాలంటే ఇంకో రెండు కావాలని అన్నాడు.

ఇక చూడాలి మా షాపు వైభవం. అటక మీద బూజు పట్టిన నవలలు కూడా పెళ్లిభోజనంలో గారెల్లా మాయమయ్యాయి. వెనక్కి వచ్చేసరికి ప్రతి సూదీ వంకరే. పక్కింటి అక్క ఒక నవల తిరిగిస్తూ, ముఖం కుంకుమ భరిణె చేసుకుని, అంతలా ఎలా రాస్తారో అని గొణుక్కుంటూ వెళ్లిపోయింది.

ఇంక నా వల్ల కాలేదు. తాతయ్య టీకి వెళ్లిన అదను చూసి ఒక సూది పీకాను. హీరో కాలువ గట్టు మీద నిలబడి పాలేరుతో ఊడ్పుల సంగతి మాట్లాడుతున్నాడు. ఇంకోటి పీకాను. హీరో బందరు బస్సు కోసం చూస్తున్నాడు. బస్సు కూడా రాలేదు. అక్క తిరిగిచ్చిన నవల తీశాను. హీరోయిన్ మంగళగిరి చీరకు గంజి పెడుతోంది.

తలెత్తితే ఎదురుగా తాతయ్య. కోప్పడలేదు. తప్పు పేజీలకు సూదులు గుచ్చావని నేనే ఆయన్ని కోప్పడ్డాను.

"గొడుగు పేజీకి తప్ప అసలైనవాటికి గుచ్చలేదు బుజ్జీ," అన్నాడు టీ వాసనతో నవ్వుతూ. "మాస్టారు సూది ఉన్నచోటే చదువుతారు. సూది లేనిదంతా ఆయన లెక్కలో భాగవతమే."

మరి గంజి పెడితే అక్క ఎందుకు సిగ్గుపడిందని అడిగాను.

"ఆ గంజిలో ఆ పిల్లకేం కనిపించిందో మనకెందుకు? అది ఆ పిల్ల సొంత నవల."

పెళ్లయ్యాక అక్క మొదటిసారి పుట్టింటికొచ్చి మా షాపుకి వచ్చింది. కట్టుకున్నది ఫెళఫెళలాడే గంజి పెట్టిన మంగళగిరి చీర. వెనకే వచ్చిన బావగారు ఆ చీరను తప్ప ఇంకేమీ చూడటం లేదు.

ఇప్పుడు నేనే ప్రేమకథలు రాస్తున్నాను. జనం వాటిని బస్సుల్లో ఫోనులో వింటున్నారు. వాటిని వినిపించే కంపెనీలో నా కథలు సరిచూసే అమ్మాయి ప్రతి భాగానికీ ఘాటును బట్టి మిరపకాయ బొమ్మలు పెడుతుంది. నా కథలో రెండే కనిపిస్తున్నాయని, నాలుగైనా లేకపోతే కథ ఆపేస్తారని ఈమధ్య దిగులుగా చెప్పింది. నా బల్ల మీద తాతయ్య గుండుసూది ఒకటి తుప్పు పట్టి ఇంకా ఉంది. దానికేసి చూసి ఇలా రాశాను: వాళ్లిద్దరూ గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. డాబా మీద అత్తగారు వడియాలు పెట్టింది. సాయంత్రానికి వడియాలు ఎండి గలగలలాడాయి. తలుపు తెరుచుకోలేదు.

ఆ అమ్మాయి ఐదు మిరపకాయలు పెట్టింది. ఆ మర్నాడే గుడివాడ నుంచి ఒక పెద్దాయన ఎలాగో నా నంబరు సంపాదించి ఫోను చేశాడు. లారీ స్టార్టయినట్టు గొంతు సవరించుకుని, సంసారులు వినే కథలో ఇంత పచ్చిగా రాయాలా తల్లీ అని చీవాట్లు పెట్టి, తర్వాతి భాగం ఎప్పుడని అడిగి మరీ పెట్టేశాడు. ఆ వడియాల్లో ఆయనకేం కనిపించిందో నేను అడగలేదు. అది ఆయన సొంత నవల.