ఎత్తు రాగానే నన్ను దించేశాడు

ఈ రోజు పొద్దున్న అక్కుపల్లి నుంచి పలాసకు అప్పన్న మావ బ్యాటరీ ఆటోలో వచ్చాను. నాతోపాటు డయాలసిస్‌కు వెళ్లే పార్వతమ్మత్త ఒక్కతే ఉంది. రాత్రంతా ఊళ్లో కరెంటు లేక బ్యాటరీ సగమే నిండింది. దారిలో ఆగిపోతే అత్త వంతు తప్పిపోతుందని మావ మిగతా బేరాలన్నీ వదిలేశాడు.

బ్యాటరీ బండ్ల కరపత్రాలు చదివినవాణ్ని, ఊరుకుంటానా? "మావా, మాటిమాటికీ బ్రేకెయ్యి. బ్యాటరీకి కరెంటు తిరిగొత్తాది!" అన్నాను.

"వత్తాదిరా అల్లుడూ. కానీ ఆగిన బండి మళ్లీ కదల్డానికి అంతకంటే ఎక్కువ తినేత్తాది. పది తిని రెండిచ్చేదాన్ని నమ్ముకోమంటావేటి?"

నాకు ఒళ్లు మండింది. గట్టిగా వాదిస్తుండగానే కాశీబుగ్గ ముందు ఎత్తు వచ్చింది.

"నీ కోసం ఒక్క బ్రేకేత్తన్నాను, దిగు. నీ బరువు తగ్గితే అత్త ఎత్తెక్కిపోద్ది. నువ్వు నడిసి రా."

నేను రొప్పుతూ ఆసుపత్రికి చేరేసరికి అత్త లోపల మంచం మీద ఉంది. ఆటో బ్యాటరీ మీటరులో ఒక్క గీత మిగిలింది. కోపం పోయి, మావకు దండం పెట్టాలనిపించింది.

ఆ గీత బ్రేకు ఇచ్చిందా, నేను దిగితే మిగిలిందా? మీరే చెప్పండి. కరపత్రం రాసినవాడికి మాత్రం, ఎత్తు దగ్గర దిగి నడవమని నేను చెబుతాను.