అరుగు మీద చదివిన కథ

నా కథల్లో ఆడవాళ్ల మాటలు బాగుంటాయని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అన్నవాళ్ల తప్పేం లేదు పాపం, వాళ్లకేం తెలుసు? ఆ మాటలు నావి కావు. మా అక్కవి. నేను చేసిందల్లా పక్కన కూర్చుని రాసుకోవడమే.

మా ఊరు కొత్తపేటకు దగ్గర్లో, కాలువ పక్కన. అక్కడి ఎలిమెంటరీ స్కూల్లో నేను మాస్టారిని. ఇంట్లో నేను, నా భార్య, ముగ్గురు పిల్లలు, అక్క. అక్క నాకన్నా ఎనిమిదేళ్లు పెద్దది. పదేళ్లకే ముక్తేశ్వరంలో ఇచ్చి పెళ్లి చేశారు. పద్నాలుగో ఏట మొగుడు జ్వరంతో పోయాడు. గాజులు తీయించి పుట్టింటికి పంపేశారు. ఆ తరువాత రెండేళ్లకు అమ్మ పోతే నన్ను పెంచింది అక్కే. ఆమెకు చదువు రాదు. ఊళ్లో పిల్లలందరికీ నేను అఆలు దిద్దించాను గాని, ఇంట్లో ఉన్న అక్కకు దిద్దించాలని ఒక్కనాడూ తోచలేదు. ఏం మాస్టార్నండీ నేను!

మద్రాసు వారపత్రికలకు కథలు పంపే పిచ్చి నాకు పాతికేళ్లు రాకముందే పట్టుకుంది. పిచ్చికి తీరిక కావాలి. పొద్దున్నంతా స్కూలు, సాయంత్రం కొబ్బరితోట, ఇంటికొస్తే చంటిదాని ఏడుపు. ఆదివారం మధ్యాహ్నం ఒక్కటే నాకు మిగిలేది. ఆ ఒక్క పూటనూ అక్క కాపలా కాసేది. పిల్లల్ని పక్కింటికి తోలేసేది. ఎవరైనా అర్జీ రాయించుకోవడానికి వస్తే వీధిలోనే ఆపి, "తమ్ముడికి ఒంట్లో బాగోలేదండి, రేపు రండి" అనేది.

"లేని రోగం ఎందుకంటగడతావక్కా?" అని విసుక్కునేవాణ్ణి.

"ఒరే, రాసుకుంటన్నాడంటే వెళ్తారంట్రా? రోగమంటేనే వెళ్తారు" అనేది.

తీరిక ఒక్కటే కాదు, కథలు కూడా ఆమె ఇచ్చినవే. దొడ్డివైపు వసారాలో చీపుళ్ల కోసం కొబ్బరాకుల ఈనెలు చీరుతూ కూర్చునేది. చేతిలో కత్తి ఆగేది కాదు, నోట్లో మాట ఆగేది కాదు. నేను పక్కనే గోడకు చేరగిలబడి, ఒళ్లో నోటుబుక్కు పెట్టుకుని వినేవాణ్ణి. ఒకసారి అంది, "మా అత్తగారు తిడితే ప్రాణం కుదుటపడేదిరా, నవ్వితేనే భయమేసేది" అని. ఆ మాటను ఉన్నదున్నట్టు ఓ కథలో పెట్టేశాను. పత్రికవాళ్లు ఆ ఒక్క వాక్యాన్ని మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం అక్కకు చదివి వినిపిస్తే, "నా మాటకు నీకు మెప్పా? బావుందిరోయ్" అని పడీపడీ నవ్వింది.

యుద్ధం అయిపోయిన మరుసటి వేసవిలో ఓ ఆదివారం అక్క ఈనెలు చీరడం ఆపింది. ఆమె చెయ్యి ఆగడం నేను చూడటం అదే మొదలు.

"ఇది ఎవరితోనూ అనలేదురా" అంది. "మీ బావ పోయిన రోజు సంగతి. అంతకు ముందు రెండు రోజుల్నించీ నన్ను మంచం పక్కనే కూర్చోబెట్టేసేరు. అన్నం తిన్నావా అని ఒక్కళ్లూ అడగలేదు. తెల్లారగట్ల ఆయన పోయేరు. ఇల్లంతా ఏడుపులు. పాతబట్టలు కావాలంటే, తేలిగ్గా ఎక్కుతానని నన్ను అటకెక్కించేరు. అక్కడ కుండలో మామిడి తాండ్ర కనపడిందిరా. కూర్చుని తినేసేను. ఇంత ముక్క. కింద ఆయనకి స్నానం చేయిస్తన్నారు, పైన నేను తింటన్నాను. ఎంత తియ్యగా ఉందో! అంత తియ్యటిది మళ్లీ ఎప్పుడూ తినలేదు." నావైపు తిరిగి, "పాపమంటావా?" అని అడిగింది.

"ఆకలికి పాపమేంటక్కా? చిన్నపిల్లవి" అన్నాను.

అక్క కళ్లు తుడుచుకుంది. "ఇరవయ్యేళ్ల పైనుంచీ మోస్తన్నాన్రా. ఇవాళ దింపేను" అంది. నాకూ ఏడుపు ఆగలేదు. నాటకం కాదు, నిజంగానే ఏడ్చాను. ఏడుస్తూనే, ఇది మంచి కథ అవుతుంది సుమా అనుకున్నాను. ఆ రెండూ ఒకే మనిషిలో ఒకేసారి ఎలా జరుగుతాయో నన్నడక్కండి.

రెండు ఆదివారాల్లో కథ పూర్తయింది. ముక్తేశ్వరాన్ని రామచంద్రపురం చేశాను. జ్వరాన్ని పాముకాటు చేశాను. పేరు మార్చాను, వయసు రెండేళ్లు పెంచాను. తాండ్రను కూడా మార్చబోయి బెల్లం అని రాశాను. చప్పగా ఉంది. కొట్టేసి మళ్లీ తాండ్ర అనే రాశాను. అక్కకు చదువు రాదు గదా అన్న ధీమా మనసులో ఓ మూల ఉండనే ఉంది. లేదంటే అబద్ధం.

అయితే మా వీధిలో ఓ అలవాటుంది. పత్రిక వచ్చిన రోజు సాయంత్రం స్కూలు వదిలాక ఆడవాళ్లు మా అరుగు మీద చేరేవారు. నేను పైకి చదివితే వినేవారు. ఆ వారం నా పేరు అచ్చులో చూసి నా భార్య ముందే వీధంతా చాటేసింది. పక్కింటి పిన్నిగారు అందరికన్నా ముందొచ్చి కూర్చుని, "మీ కథ పడిందంట గదండీ మేష్టారూ! చదవాల్సిందే" అన్నారు.

తలనొప్పి అని తప్పించుకోవచ్చు. గొంతు బాగోలేదనొచ్చు. కానీ కథకు పెద్ద బొమ్మ వేశారు, నా పేరు లావు అక్షరాల్లో పడింది. చదివి వినిపించాలని నాకే ఉబలాటం. అన్నీ మార్చేశాను గదా, అయినా అక్కకు ఇది గౌరవమే గదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. అక్క స్తంభానికి ఆనుకుని, చంటిదాన్ని ఒళ్లో వేసుకుని కూర్చుంది. నేను మొదలుపెట్టాను.

అటక దగ్గరికి వచ్చాక తలెత్తలేదు. ఆ పిల్ల తాండ్ర తిన్న వాక్యం చదివానో లేదో, పిన్నిగారు బుగ్గలు నొక్కుకున్నారు.

"ఛీ ఛీ! ఏం పిల్లండీ బాబూ! అవతల మొగుడు శవమై పడుంటే తాండ్రెలా దిగిందండీ గొంతులోకి?"

నా భార్యకు ఏమీ తెలియదు. "అంతాకలేంటో!" అని తనూ నవ్వేసింది.

పిన్నిగారు అక్కవైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా. నువ్వూ ఆ ఈడులోనే పోగొట్టుకున్నావు గదా. ఆ రోజు మెతుకు ముట్టేవా?"

పత్రికలోంచి తలెత్తకుండా అలాగే ఉండిపోయాను.

"లేదండి, ముట్టలేదు" అంది అక్క. తరువాత చంటిదాని జుట్టు సవరిస్తూ, "ఆయ్, నిజమేనండి. అదేం మనిషండీ" అంది.

నేను కథ చివరిదాకా చదివాను. గొంతు వణకలేదు. చివరి పేరా బాగా చదివానని పిన్నిగారు మెచ్చుకున్నారు కూడా.

దీపాలవేళ అక్క దొడ్లో గేదెకు మేత వేస్తుంటే వెళ్లి పక్కన నిలబడ్డాను. "పేర్లన్నీ మార్చేశాను గదక్కా" అన్నాను.

"విన్నాను లేరా. ఊరు మార్చేవు, పేరు మార్చేవు. నన్ను మటుకు ఆ అటక మీదే కూర్చోబెట్టేవు" అంది. గడ్డి దులుపుకుని లోపలికి వెళ్తూ, "నేను చెప్పింది నీకురా. పత్రిక్కి కాదు" అంది.

తిట్టలేదు, అలగలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ రోజు నుంచి ఇంటి సంగతులు తప్ప నాతో ఇంకో మాట లేదు. ఉప్పు అయిపోయింది, పెద్దాడికి దగ్గు, కొబ్బరికాయల దింపు తీసేవాళ్లు రేపొస్తారంట, అంతే. ఆదివారం కాపలా మాత్రం మానలేదు. పిల్లల్ని ఎప్పటిలాగే పక్కింటికి పంపేది, వచ్చినవాళ్లకు నా రోగం సంగతి ఎప్పటిలాగే చెప్పేది. వసారాలో కూర్చుని ఈనెలు చీరేది. నేను నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని ఎదురుచూసేవాణ్ణి. కత్తి చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు.

ఆ కథకు మాత్రం బోలెడు పేరొచ్చింది. అమలాపురంలో సభ పెట్టి శాలువా కప్పారు. స్త్రీ హృదయం ఎరిగినవాడు అని ఒకాయన నన్ను గంటసేపు పొగిడాడు. ఆ శాలువా తెచ్చి అక్క చేతిలో పెట్టాను. ఆమె దాన్ని మడత చెడకుండా నాకే ఇచ్చేసి, "చలికి పనికొస్తుంది, కప్పుకో" అంది.

ఆ తరువాత రాసినవేవీ కుదరలేదు. మునుపటి జీవం లేదంటూ పత్రికవాళ్లు కథలు తిప్పి పంపసాగారు. అలా నాలుగోది తిరిగొచ్చిన రోజు నాకు మతి పోయింది. సిగ్గు విడిచి చెప్తున్నాను, అక్క మీద కేకలేశాను. "నువ్వు నోరు కట్టుకున్నావు, నా రాత ఎండిపోయింది. నీకు సంతోషంగా ఉందా?" అన్నాను. నన్ను పెంచిన మనిషిని, ఆ మాట అన్నాను.

అక్క వెళ్లి కంచం పెట్టింది. "అన్నం చల్లారిపోతందిరా, రా" అంది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడాది ఆమెకు కడుపులో గడ్డ లేచింది. ఆస్పత్రిలో చూసి ఇంటికి తీసుకెళ్లమన్నారు. పదిహేను రోజులు మంచం పక్కనే ఉన్నాను. మందులు పట్టాను, నీళ్లు పట్టాను. ఒకనాడు పొద్దున్న ఆమె కళ్లు తెరిచి, "పిన్నిగార్ని పిలవరా. ఆవిడతో ఓ మాట చెప్పుకోవాలి" అంది.

"నాతో చెప్పక్కా" అన్నాను. "రాయను. పిల్లల మీద ఒట్టు."

ఆమె చెయ్యెత్తి నా తల నిమిరింది. "నువ్వు మంచోడివేరా" అంది. "వద్దులే. ఆవిణ్ణి పిలిచి, నువ్వు బయటికెళ్లు."

పిన్నిగారు లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేశారు. నేను ఆ తలుపుకు చెవి ఆనించి నిలబడ్డాను. అవును, నిలబడ్డాను. గొణుగుడు తప్ప ఒక్క ముక్కా తెలియలేదు. మధ్యలో ఒకసారి అక్క నవ్వింది. ఎనిమిదేళ్లయింది నేను ఆ నవ్వు విని. అక్కడే గడప మీద కూర్చుండిపోయాను.

పిన్నిగారు కళ్లొత్తుకుంటూ బయటికొచ్చారు. ఏం చెప్పిందండీ అని అడిగాను.

"మీకు మటుకు చెప్పొద్దందండి మేష్టారూ. ఒట్టేయించుకుంది."

మూడో రోజున అక్క పోయింది. పిన్నిగారు ఆ తరువాత నాలుగేళ్లు బతికారు. అడిగినప్పుడల్లా, "ఆయ్, ఒట్టేసేనండి" అనేవారు. చివరిదాకా చెప్పలేదు. చెప్పి ఉంటే రాసేసేవాణ్ణి. నా పిల్లల మీద ఒట్టు పెట్టినా సరే, రాసేసేవాణ్ణి. అక్కకు అది తెలుసు.