కొండెక్కిన మొగుడు

దీపం ఆరిపోయిందని మా ఇంట్లో ఎవరూ అనరు. కొండెక్కిందంటారు. అందుకే గురువారం శాంటా క్లారాలో బయల్దేరేటప్పుడు, మా దగ్గర ఆర్నెల్లు ఉండడానికి వచ్చిన అత్తయ్య నన్ను గుమ్మంలో ఆపి, “అమ్మాయ్, ఫోన్ చేసినప్పుడు వాడు కొండెక్కాడని మాత్రం నాతో అనకు” అన్నారు.

వాడంటే మా ఆయన మురళి. యాభై దగ్గరపడుతోంది, కుడి మోకాలు సరిగ్గా వంగదు. అయినా కొలరాడోలో సరైన దారి కూడా లేని ఒక శిఖరం ఎక్కకపోతే జన్మ వృథా అట. విమానంలో డురాంగో చేరి, శుక్రవారం ఉదయం ఎనిమిదిన్నరకి కొండల్లోకి పోయే పాత ఆవిరి రైలెక్కాం. ఎదుటి సీట్లో తాళ్ళూ ఇనప కొక్కేలూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఒక అమెరికన్ ఆవిణ్ణి, అసలా కొండలో ఏముందని అడిగాను. “అక్కడికి ఎవరూ రారు, అదే దాని అందం” అంది. పెట్టె నిండా అలాంటి వాళ్ళే. ఎవరూ రాని చోటికి ఇంతమంది కట్టగట్టుకుని పోతున్నారు.

పదకొండింటికి అడవి మధ్యలో రైలాగింది. ప్లాట్‌ఫారం లేదు, ఫోన్‌కి సిగ్నల్ లేదు. దిగేవాళ్ళకి కండక్టర్ చెప్పాడు: “తిరుగు రైలు ఆగాలంటే మోకాళ్ళ ముందు చేతులు అడ్డంగా ఊపండి. తలమీద ఊపితే హలో అనుకుని వెళ్ళిపోతాం.” ఈయనగారు అప్పుడు సెల్ఫీ తీసుకునే పనిలో ఉన్నాడు. “ఆదివారం రైలుకి ఇక్కడే ఉంటా, ప్రామిస్” అని నాకు చెప్పి దిగిపోయాడు.

రైలు ఆఖరి స్టేషను సిల్వర్టన్‌లో దిగి, అక్కడి హోటల్లో రెండు రోజులు కిటికీలోంచి మెరుపులు చూస్తూ ఆయన్ని తిట్టుకున్నాను. నిజానికి తిట్ల కన్నా భయమే ఎక్కువ.

ఆదివారం మధ్యాహ్నం తిరుగు రైలెక్కాను. ఆ రోజుకి అదే ఆఖరిది. మలుపు తిరగ్గానే కనిపించాడు, ఒళ్ళంతా మట్టి, ఒక్కడే. రెండు చేతులూ తలపైకెత్తి తెగ ఊపుతున్నాడు. పెట్టెలో పిల్లా పెద్దా నవ్వుతూ తిరిగి చేతులూపారు. డ్రైవర్ ముద్దుగా ఒక కూత కూడా వేశాడు.

కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాను. “ఏమండీ, చేతులు కిందికి! మోకాళ్ళ దగ్గర ఊపండి!”

శిఖరాల మీద జెండా పాతాల్సిన మనిషి, మోకాలు మొరాయిస్తుంటే నడుం విరిగేలా వంగి చేతులూపాడు. రైలు కీచుమంటూ ఆగింది.

“ఇంకాస్త పైకి వెళ్తే అయిపోయేది. పిడుగులు పడ్డాయి. నాతో దిగినవాళ్ళు రేపు మళ్ళీ ట్రై చేస్తారట. నీకు ప్రామిస్ చేశాను కాబట్టి వచ్చేశా” అన్నాడు, తప్పంతా నాదే అన్నట్టు. తిట్టడానికి నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. డురాంగో దాకా ఆయన చెయ్యి వదల్లేదు.

సిగ్నల్ రాగానే శాంటా క్లారాకి ఫోన్ చేశాను. మొదటి రింగుకే అత్తయ్య ఎత్తారు.

“దిగారత్తయ్యా” అన్నాను.